మొప్ప ఎత్తి చూసే మనిషి

మా పాళెంలో ఎవరైనా చనిపోతే ఆ మర్నాడు తెల్లవారి మైకు మోగదు. మైకు మోగకపోతే పడవ కదలదు. పసిబిడ్డ పోయినా, తొంభై ఏళ్ళ ముసలమ్మ పోయినా ఇదే కట్టుబాటు. పోయిన మంగళవారం, ఒకప్పుడు ఆ మైకును నడిపిన ఆయన చనిపోయాడని కబురు వచ్చింది. బుధవారం ఉదయం ఐదు గంటలకు మైకు మోగింది. గాలి ఎంత, అల ఎంత, వేటకు వెళ్ళవచ్చా లేదా, అన్నీ చెప్పింది. పడవలు వెళ్ళాయి. మోగించింది నేనే.

ఆయన్ను ఊరు వెలివేసి నాలుగేళ్ళయింది. మంగళవారం రాత్రే, ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపును అడిగాను. "ఎలి ఎలే అబ్బయా. సచ్చినంత మాత్రాన ఊళ్ళోకొచ్చినట్టు గాదు" అన్నాడు. మైకు మాట నమ్మి సముద్రం మీదికి పోయి తిరిగిరాని ఇద్దరు అన్నదమ్ముల చావు ఆయన మెడకు చుట్టుకొని ఉంది. ఆ తప్పు ఆయన ఒక్కడిదేనని ఊరి నమ్మకం. అందులో పెద్ద వంతు నాది. మొన్నటి దాకా ఈ సంగతి నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన పోయాక అది నా ఒక్కడి దగ్గరే మిగిలింది.

దాని దగ్గరికి వస్తాను. అంతకుముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. ఊళ్ళో ఆయన గురించి మాట్లాడేవాళ్ళకు ఆ ఒక్క ఉదయం తప్ప ఇంకేమీ గుర్తులేదు.

కుడిచేతికి చిటికెనవేలూ దాని పక్క వేలూ లేవు. మద్రాసు హార్బరులో మరబోటు మీద పనిచేసే రోజుల్లో వల లాగే ఇనప తాడు కింద నలిగిపోయాయి. మిగిలిన వాటితో కీబోర్డు మీద కొట్టేవాడు. ఒక అక్షరం కొట్టి తల ఎత్తి తెరను చూసేవాడు. అది పడిందని నమ్మకం కుదిరాకే రెండో అక్షరం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు రబ్బరు ఉండేది. ఉప్పుగాలికి మా ఊళ్ళో ఏ ఇత్తడి ముక్కయినా నెలలో పచ్చగా చిలుము పడుతుంది. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాని మూతిని ఆ రబ్బరుతో తుడిచి, ఉఫ్ మని ఊది, ఆ తర్వాతే దాని జబ్బు ఏమిటని అడిగేవాడు. మద్రాసు నుంచి తెచ్చుకున్న ఒక మాట ఉండేది: "సెరి." అవునన్నా సెరి, కాదన్నా సెరి. భార్య కాన్పులో పోయిందని హార్బరుకు ఫోను వస్తే కూడా "సెరి" అని పెట్టేశాడట. ఆ మాట అన్న చోటే చాలాసేపు నిలబడిపోయాడని పక్కన పనిచేసినవాళ్ళు చెప్పారు.

నేను మా పాళెం గ్రంథాలయం చూసుకుంటాను. నా చదువు పదో తరగతితో ఆగింది. అక్కడి నుంచి బీరువాలు చదివాను. ఉన్న నాలుగు బీరువాల్లో మూడు పూర్తిగా, నాలుగోదానిలో న్యాయశాస్త్రం తప్ప మిగతావి. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాట వెతుక్కుంటూ నేర్చుకున్నాను. ఆయన మొదటిసారి వచ్చింది ఆ నిఘంటువు కోసమే.

ఒక మధ్యాహ్నం గడపలో చెప్పులు విడిచి, చేతిలో అగ్గిపెట్టెలో సగమున్న వస్తువు పట్టుకొని నిలబడ్డాడు. అది యూఎస్‌బీ వైఫై డాంగిల్, కంప్యూటరుకు గుచ్చితే తీగ లేకుండా నెట్టు అందించే ముక్క. రెండో చేతిలో కాగితం. తెర మీద కనపడిన ఇంగ్లీషు అక్షరాలను ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దాని మీద గీసుకొచ్చాడు.

"దీనికి అర్థం జూడు అబ్బయా."

చూశాను. "వైఫై వస్తువేదీ కనపడలేదు అంటోంది అన్నా."

"అగపడకపోయేదేంది? దాని ముక్కులోనే పెట్టుండా గదా!"

బడివాళ్ళు మూలన పడేసిన పాత కంప్యూటరు ఒకటి ఆయన తెచ్చుకున్నాడు. అందులో అసలున్న సాఫ్టువేరు ఎప్పుడో పాడైంది. గూడూరులో ఒకతను లినక్స్ వేసి ఇచ్చాడు. ఎవరి సొంతమూ కాని, ఎవరైనా లోపలికి తొంగి చూసుకోగలిగిన ఉచితమైన ఆపరేటింగ్ సిస్టం అది. ఆయనకు నచ్చింది ఆ తొంగి చూడగలగడమే. "మూతేసి సీలేసిన ఇంజను నాకొద్దు. ఇదయితే ఇప్పుకోవొచ్చు" అనేవాడు. చిక్కల్లా వైఫైతోనే. డాంగిల్ తయారుచేసేవాళ్ళు వేరే సిస్టం వాడేవాళ్ళ కోసం దాన్ని నడిపించే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, ఇస్తారు. లినక్సు వాడేవాళ్ళు మాత్రం ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టినదాన్ని వెతుక్కొని, దించుకొని, తమ సిస్టంకు సరిపోయేలా తామే తయారుచేసుకొని బిగించుకోవాలి. వెతుక్కోవాలంటే నెట్టు కావాలి. నెట్టు కావాలంటే డాంగిల్ పనిచేయాలి.

ఇది వివరించి చెబితే ఆయన నవ్వాడు. "పిచ్చి కుదిరితేగానీ పెండ్లి కుదర్దు, పెండ్లి కుదిరితేగానీ పిచ్చి కుదర్దు." నా ఫోనును వైరుతో ఆ కంప్యూటరుకు తగిలించి నెట్టు అందించాము. ఇంగ్లీషు నాది, చేయి ఆయనది. నేను చదివి నోటు పుస్తకంలో తెలుగులో రాసిచ్చేవాణ్ణి, ఆయన కొట్టేవాడు. పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు తెర మూలన చిన్న విసనకర్రలాంటి గుర్తు వెలిగింది. ఆయన దాన్ని చూసి "సెరి" అని బయటికి వెళ్ళి, సముద్రం వైపు తిరిగి బీడీ కాల్చుకున్నాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. డాంగిల్ డబ్బా మీద ఏ పేరున్నా నమ్మకూడదు. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే డబ్బా, లోపల చిప్పు మాత్రం వేరు. ఒకదానికి డ్రైవరు దొరుకుతుంది, రెండోదానికి దేశమంతా తిరిగినా దొరకదు. కంప్యూటరుకు తగిలించి ఒక ఆదేశం కొడితే ఆ చిప్పు అసలు నంబరు చెబుతుంది. ఆయన ఆ నంబరునే నమ్మేవాడు.

"పేరు జూసి చేపను కొనేవోడు ఇంటికి కంపు తెచ్చుకుంటాడు అబ్బయా. మొప్ప ఎత్తి జూడాల. మొప్ప ఎర్రంగుంటేనే చేప."

గూడూరు దుకాణానికి ఆయనతో ఒకసారి వెళ్ళాను. బియ్యపు సంచిలో పాత ల్యాప్‌టాపు పెట్టుకొచ్చాడు. కౌంటరు మీద పెట్టి, ఒకే రకం డాంగిల్ డబ్బాలు ఆరు తీయించి, ఒక్కొక్కటీ గుచ్చి నంబరు చూడడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ మొదట రబ్బరుతో తుడవడం, ఊదడం. దుకాణంవాడికి ఓపిక పోయింది.

"ఏంది పెద్దాయనా, పెండ్లికూతుర్ని జూసినట్టు జూస్తుండావు? అన్నీ ఒగటే గదా!"

"పెండ్లికూతురయితే ఇంత జూడన్లే సామీ. నచ్చకపోతే ఆమే నన్ను ఇడిసిపెట్టి పోతాది. ఇది పోదు గదా, ఇంట్లోనే కూసుంటాది."

"కొత్త డబ్బాలు. సీలు ఇప్పినావు. ఎవురు కొంటారు?"

"నేనే ఇప్పినా, నేనే మూస్తా. ఇదో, ఈ నాలుగూ ఒక తల్లి బిడ్డలు. ఈ రొండూ వేరే తల్లివి. నీకు తెలవకండా నీ దగ్గిరకొచ్చి చేరినాయి."

ఆ రెండింటిలో ఒకటి ఇంకా వింత. గుచ్చితే తాను వైఫై అని చెప్పుకోలేదు, సీడీ పళ్ళెం అని చెప్పుకొంది. అలాంటివాటిని సీడీని బయటికి తీసే ఆదేశంతో ఒకసారి తోసేస్తేగానీ అసలు రూపం చూపవని నేను చదివి ఉన్నాను. చెప్పాను. ఆయన తోసేశాడు, అది వైఫైగా లేచింది. "దొంగ సన్నాసి!" అని ఆయన అంటే దుకాణంవాడు కూడా నవ్వాడు. కానీ ఆ రెండూ కొనలేదు. మంచి తల్లి బిడ్డలు రెంటిని తీసుకొని, వాటి నడుము మీద చాకుతో చిన్న గంట్లు పెట్టాడు. వల తేలడానికి కట్టే తెప్పల మీద ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి గుర్తుగా పెట్టుకునే గంట్లే.

ఇప్పుడు మైకు సంగతి.

మా ఊళ్ళో అందరికీ ఫోన్లున్నాయి. అదే తంటా అయింది. ఒకడి ఫోనులో తుఫాను, ఇంకొకడి ఫోనులో ఎండ. ఏ ఏడాదిదో వాన బొమ్మను ఎవడో పంపితే రెండు రోజులు పడవలు కట్టేసుకున్నారు. దానితో పెద్దకాపు వల షెడ్డులో పంచాయితీ పెట్టి తేల్చాడు: ఊరికి ఒకటే నోరు ఉండాలి, అది మైకు. ఎవడి ఫోను ఏం చెప్పినా మైకు మాటే మాట. ఆ నోటికి మాట తెచ్చిపెట్టే పని ఆయనకు అప్పజెప్పారు.

మైకు గది ఐసు గది పక్కన, ఒడ్డు మీద. నెట్టు లైను గ్రంథాలయం దాకానే వస్తుంది. మధ్య మూడు వందల గజాల ఇసుక. ఆయన పాత కంప్యూటరును మైకు గదిలో పెట్టి, గంట్ల డాంగిల్‌ను పొడుగు వైరుతో కిటికీ పైకి తెచ్చి, దాని వెనక అన్నం వార్చే సిబ్బిని అమర్చాడు. రేడియో తరంగాలను లోహపు గిన్నె ఒకచోటికి చేరుస్తుందని విజ్ఞాన సంపుటంలో చదివి నేనే చెప్పాను. కానీ ఏ వంపు సిబ్బి, ఎంత దూరంలో, ఎటు తిరిగి అన్నది ఆయన మూడు ఇళ్ళ సిబ్బులు అడిగి తెచ్చి తేల్చాడు. ఆడవాళ్ళు "ఒరే సిబ్బి మేస్త్రీ, మా సిబ్బి ఎప్పుడిస్తావు? గంజి ఎట్ట వార్చుకునేది?" అని దారిలో ఆపేవాళ్ళు. "మీ సిబ్బి కడలి మాట ఇంటుండాది తల్లా, రొండు దినాలు ఇడ్లీలు తినండి" అనేవాడు.

వాతావరణ కార్యాలయం వాళ్ళు పెట్టే తెలుగు ప్రకటనను కంప్యూటరు తనంతట తాను దించుకొని, సరిగ్గా ఐదింటికి మైకులో వినిపించేది. అది మొదట తేదీ చెప్పేది, తర్వాత ఏ అక్షాంశం నుంచి ఏ అక్షాంశం వరకో చెప్పేది, అప్పుడుగానీ మా తీరానికి వచ్చేది కాదు. "టీ సల్లారిపోతాది గానీ సంగతికి రాదే" అని ముసలివాళ్ళు గొణిగేవాళ్ళు. ఆయన ముందు భాగం కోసేశాడు. గాలి, అల, వెళ్ళవచ్చా లేదా. అంతే మిగిలింది. అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత ఒక వానాకాలం ఉదయం నెట్టు పోయింది. మైకు మోగలేదు. మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం. పడవలు ఆగాయి, వలలు దించారు, ఎవరు పోయారని ఇల్లిల్లూ అడుగుతూ తిరిగారు. ఏడాదిగా మంచం మీదున్న ఒక ముసలమ్మ ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళు చేరి ఏడుపు ఎత్తుకున్నారు. ఆమె లోపలి నుంచి "నేనింకా ఉండాన్రా! మీ నోట్లో మన్నుబడ!" అని కేక పెట్టింది. అప్పుడుగానీ ఎవరూ చావలేదని తేలలేదు. ఎండెక్కింది, ఆ రోజు వేట పోయింది. అందరూ ఆయన మీద పడ్డారు.

పెద్దకాపు ఒకటే అన్నాడు: "ఎవురూ సావకండా మైకు మూగబోతే ఊరికి అరిష్టం. నువ్వేం జేస్తావో నాకు తెలవదు. నోరు ఆగగూడదు."

ఆయన సెరి అన్నాడు. నెట్టు అందకపోతే చివరగా దించుకున్న ప్రకటననే వినిపించేలా కంప్యూటరును మార్చాడు. మార్చిన సాయంత్రం నాతో చెప్పి, నా ముఖం చూశాడు.

"నేను యాడికి బోతా, పక్కనే ఉంటా గదా. పొద్దున్నే లేసి జూసుకుంటా. పాచి మాట పడితే నా నోటితోనే చెప్తా."

రెండేళ్ళు అలాగే చేశాడు. నాలుగున్నరకు లేచి, మొహం కడగకముందే మైకు గదికి వెళ్ళి, తెర మీద తేదీ చూసి, గుమ్మంలో కూర్చునేవాడు. మైకు మాట్లాడుతుంటే పెదవులు కదుపుతూ తానూ ఆ మాటలే అనేవాడు. ఒకటి రెండుసార్లు నెట్టు అందనప్పుడు మైకు పట్టుకొని "ఇది నిన్నటి మాట, ఎవురూ కదలబాకండి" అని చెప్పాడు కూడా.

ఆ కార్తీకమాసంలో కంటి ఆపరేషనుకు మద్రాసు వెళ్ళాల్సి వచ్చింది. ఒక రాత్రి అక్కడ ఉండాలి. మైకు గది తాళం నాకిచ్చాడు.

"దేన్నీ తాకబాక అబ్బయా. నడిచే ఇంజన్ను ఇప్పగూడదు. పొద్దున తేదీ జూడు, అంతే."

ఆ సాయంత్రం నేను ఆ గదిలో కూర్చున్నాను. తెర మీద ఒక పెట్టె వచ్చి సిస్టంకు కొత్త మార్పులు సిద్ధంగా ఉన్నాయి, వేయమంటారా అని అడిగింది. అలా వేసుకోకుండా వదిలేయడం దొంగలకు తలుపు తెరిచిపెట్టడమేనని అంతకు వారం ముందే గ్రంథాలయానికి వచ్చిన పత్రికలో చదివాను. ఆ పెట్టెలోని ప్రతి ఇంగ్లీషు మాటా నిఘంటువు లేకుండా నాకు అర్థమైంది. సంతోషంగా అవునని నొక్కాను. అరగంటకు కంప్యూటరు ఆగి మళ్ళీ లేచింది. కిటికీ మీద డాంగిల్ దీపం వెలుగుతోంది. బాగానే ఉందనుకొని తాళం వేసుకొని వచ్చేశాను.

సిస్టం నడిబొడ్డున ఉండే ఇంజనులాంటి భాగమే ఆ మార్పుల్లో మారిపోయింది. ఆయన చేత్తో తయారుచేసి పాత ఇంజనుకు బిగించిన డ్రైవరు కొత్తదానికి అంటదు. ప్రతిసారీ మళ్ళీ తయారుచేయాలి. దీపానికి కరెంటు ఉంటే చాలు, డ్రైవరు అక్కర్లేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఉదయం ఆలస్యంగా లేచాను. మైకు మోగడం మొదలయ్యాక ఒడ్డుకు చేరాను. గాలి తక్కువ, అల మీటరు లోపు, వేటకు వెళ్ళవచ్చు అంటోంది. మోగుతోంది కదా అని తెర మీద తేదీ చూడలేదు. పడవ నీళ్ళలోకి తోస్తున్న అన్నదమ్ములిద్దరిలో చిన్నవాడు ఫోను చూస్తూ అన్నాడు:

"అన్నా, దీంట్లో అలలు పెద్దవంట. పోబాకండి అంటుండారు."

పెద్దవాడు నా వైపు తిరిగి నవ్వాడు. "ఏమయా లైబ్రరీ, ఫోను మాటా, మైకు మాటా?"

"మైకు ఇప్పుడే చెప్పింది గదా" అన్నాను.

పదకొండు పడవలు వెళ్ళాయి. ఎనిమిదింటికే సముద్రం నల్లబడింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు గోడలా లేచాయి. పది పడవలు ఎలాగో లోపలికి వచ్చి పడ్డాయి. పదకొండోది మొగలో మా కళ్ళ ముందే బోర్లాపడింది. పెద్దవాడు మూడో రోజు ఉత్తరాన దొరికాడు. చిన్నవాడు దొరకలేదు.

ఆయన ఆ మధ్యాహ్నం బస్సు దిగి, ఒడ్డు మీద గుంపును చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా మైకు గదికి వెళ్ళాడు. వెనక నేను వెళ్ళాను. ఒక కంటికి కట్టు ఉంది. రెండో కన్ను తెరకు దగ్గరగా పెట్టి, ఒక్కో అక్షరం కొట్టాడు. తల ఎత్తాడు. మళ్ళీ కొట్టాడు. పది నిమిషాలు పట్టలేదు.

"ఇంజను మారుండాది. నువ్వేమన్నా నొక్కినావా?"

"నొక్కినా అన్నా."

"తేదీ జూసినావా?"

"లేదు."

జేబులో రబ్బరు తీసి చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు: "ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పబాక."

ఊరు అప్పటికి వాతావరణ కార్యాలయం వాళ్ళను తిడుతోంది. ఆ ప్రకటన నిన్నటిదని ఎవరికీ తెలియదు, తేదీ కోసేసి ఉంది కదా. ఆయన నోరు మూసుకొని ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ మాట నేను అన్నాను కూడా. నా కోసమే అన్నాను. "ఆ ఆపీసోళ్ళు ఏం జేసినారు? వాళ్ళు రాత్రే పోవద్దని చెప్పినారు. ఇననిది మన మిషను" అన్నాడు.

ఐదో రోజు వల షెడ్డులో పంచాయితీ కూర్చుంది. ఆయన పిలవకుండానే వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు. అన్నదమ్ముల తల్లి స్తంభానికి ఆనుకొని కూర్చొని ఉంది.

"ఆపీసోళ్ళ తప్పు గాదు. నేను ఆ మిషనుకు నిన్నటి మాటను ఈరోజు చెప్పేది నేర్పినా. అది చెప్పింది."

పెద్దకాపుకు అర్థం కాలేదు. "పాచి మాటయితే తెలవదా మాకు?"

"చేపయితే కంపు కొడతాది కాపూ. మాటకు కంపు ల్యా."

"నోరు ఆగగూడదని చెప్పింది నేను గదా" అని పెద్దకాపు మెల్లగా అన్నాడు. అది ఆయన్ను కాపాడటానికి వేసిన తాడు. అందరికీ తెలిసింది. ఆయన పట్టుకోలేదు.

"నువ్వు ఆగగూడదన్న్యావు. పాచిది పెట్టమన్లా. పక్కనుండి చూసుకుంటానని నేనే అనుకున్నా. ఉండలా."

తల్లి లేచింది. ఆయన ముందుకొచ్చి, గుప్పెడు ఇసుక తీసి ఆయన రొమ్ము మీద కొట్టింది. "నా కడుపు గాల్చినావు గదరా! నీకు నీళ్ళు బోసే దిక్కు లేకండా బోతావురా!" ఆయన తలెత్తలేదు. సెరి కూడా అనలేదు. నేను షెడ్డు వెనక వరసలో నిలబడి ఉన్నాను.

నిప్పు, నీళ్ళు, పలుకు లేకుండా వెలి పడింది. ఆ సాయంత్రమే ఒక సంచితో వెళ్ళిపోయాడు. కృష్ణపట్నం దగ్గర ఒక గోదాము గేటుకు కాపలా పని దొరికింది. మైకు గది నాకు అప్పజెప్పారు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే కదా.

నాలుగేళ్ళలో రెండుసార్లు చూడటానికి వెళ్ళాను. మొదటిసారి పలకలేదు. వెలి పడ్డవాడు ఊరివాడితో పలికితే ఊరివాడికి మైల అని, గేటు లోపల అటు తిరిగి కూర్చున్నాడు. బొగ్గు లారీలు పోతుంటే ఆయన చొక్కా, జుట్టు, లేని వేళ్ళ మొండి చివరలు అన్నీ నల్లగా ఉన్నాయి. రెండోసారి మాట్లాడాడు.

"మిషను ఎట్టుండాది?"

"తేదీ ముందర పెట్టినా అన్నా. నెట్టు అందకపోతే మూగగానే ఉంటుంది. ఊరు ఒప్పుకుంది."

"సెరి. డ్రైవరు?"

"ఇంజను మారినప్పుడల్లా తనంతట తానే మళ్ళీ తయారయ్యేట్టు చేసినా. అయినా రోజూ చూస్తా."

"రోజూ జూడు. దీపాన్ని నమ్మబాక."

అప్పుడు అడిగాను. నొక్కింది నేనని ఎందుకు చెప్పలేదని. ఆయన నా వైపు ఇప్పటికీ మరిచిపోలేని విధంగా చూశాడు. ప్రేమ లేదు అందులో. డాంగిల్ నంబరు చదివేటప్పటి చూపు.

"నీ మీద జాలితో అనుకుంటివా? ఇద్దురం ఎలి బోతే ఆ మిషను ముందర కూసునేదెవురు? మిగిలిన పడవలు ఎవురి మాట ఇని బోవాల? నిన్ను అందుకు ఇడిసిపెట్టినా. పో, సందకాడయింది, బస్సు తప్పిపోతాది."

కృష్ణపట్నంలోనే పోయాడు. జ్వరం అన్నారు. గోదాము కూలీలు నలుగురు కలిసి అక్కడే కార్యం చేశారట. నాకు కబురు చేరేసరికి అన్నీ అయిపోయాయి.

బుధవారం మైకు మోగించాక అన్నదమ్ముల తల్లి దగ్గరికి వెళ్ళాను. ఈ నాలుగేళ్ళూ రోజూ ఐదింటికి, మైకు గొంతు విప్పగానే ఆమె ఇంటి ముందు నిలబడి ఆయన్ను తిడుతూనే ఉంది. ఆ తిట్లు ఊరంతటికీ కంఠతా వచ్చు. ఆ రోజు మాత్రం తిట్టలేదు. ఇసుక మీద వలగుడ్డ పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. ఎదురుగా నిలబడి, చెప్పాల్సింది చెప్పాను. పెట్టె, నేను నొక్కడం, తేదీ చూడకపోవడం, ఒడ్డు మీద ఆమె పెద్దకొడుకు నన్నడిగిన మాట, నేనిచ్చిన జవాబు, ఏదీ దాచలేదు.

ఆమె చేయి ఆగలేదు. గుప్పెడు తీసి పరచడం, గుప్పెడు తీసి పరచడం. విన్నదో లేదో అనుకున్నాను.

"పెద్దోడు నవ్వినాడా అట్ట అడిగేటప్పుడు?"

"నవ్వినాడు."

ఇంకో గుప్పెడు పరిచింది.

"నాలుగేండ్లు ఆయన్ను తిట్టుకుంటా లేసినా, తిట్టుకుంటా పడుకున్నా. ఆయనా పొయినాడు. మళ్ళా నీతో మొదులుబెట్టేదానికి నాకు ఓపిక ల్యా నాయనా."

నేను కదలలేదు. ఏదైనా అంటుందని, ఇసుక తీసి కొడుతుందని నిలబడ్డాను. ఆమె తలెత్తి నన్ను కాక, నా నీడ పడిన చేపలను చూసింది.

"పక్కకు జరుగు. ఎండ తగలాల."